చెవుల్లో వైరు చూసి స్కోరడిగారు

పోయిన మాఘంలో కావలి దగ్గర ఒక రిసెప్షన్. రెండు పాటల మధ్య ఖాళీలో పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు స్టేజీ పక్కకి వచ్చారు. నా చెవుల్లోంచి వీపు మీదుగా దిగుతున్న వైరు చూసి, కొంచెం వంగి, గొంతు తగ్గించి "స్కోరెంత అబ్బయా?" అన్నారు. మ్యాచ్ కాదు పెద్దాయనా, నా గిటారే వింటున్నా అంటే నమ్మలేదు. "నువ్వు వాయిచ్చే గిటారు నువ్వే మళ్ళీ చెవుల్లో పెట్టుకుని వినేదేంది?" అని నవ్వుకుంటా భోజనాల వైపు వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన అడిగింది సరైన ప్రశ్నే అనిపించింది. నేను వాయించే గిటారు నాకే ఎందుకు వినపడదు? ఈమధ్య మన వైపు, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, ఆర్కెస్ట్రాల్లోనూ చర్చిల్లోనూ వాయించే కుర్రాళ్ళు చాలామంది ఆంప్ (గిటారు సౌండు పెంచే స్పీకర్ పెట్టె) వదిలేసి మోడలర్లకి (ఆ ఆంప్ సౌండుని డిజిటల్‌గా పుట్టించే పెడల్స్‌కి) మారారు. మారిన ప్రతివాడూ మొదటి నెలలో ఫోన్ చేసి చెప్పేది ఒకటే మాట: "ఇంట్లో అదిరిపోతందన్నా, స్టేజీ ఎక్కితే చచ్చిపోతంది." స్టేజీ మీద మన గిటారు మన చెవుల్లోకి ఎట్టా తెచ్చుకోవాలో, ఒక్కొక్కడికీ ఫోన్లో గంటసేపు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

మాది బాలు గారి ఊరు. ఆయన సినిమాల్లో కుదురుకుంటున్న రోజుల్లో నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా గిటారూ హార్మోనియం వాయించేవారు. గిటార్ సరిగ్గా వినపడలేదని నేను సాకు చెప్పినప్పుడల్లా మా కీబోర్డు మాస్టారు ఈ కథ మొదలుపెడతారు, ఇక దానికి ఎదురు మాట ఉండదు కదా. సరే, మాస్టారి సంగతి పక్కన పెడదాం.

ఆంప్ ఉన్న రోజుల్లో అది నా పిక్కల వెనక కూర్చునేది. దాని గాలి ప్యాంటుకి తగిలేది. మిక్సర్ (అందరి సౌండూ కలిపే పెట్టె) దగ్గర ఎవడు ఏం చేసినా, నా ఫేడర్ (వాల్యూమ్ మీట) మొత్తం కిందికి లాగేసినా, నా గిటారు నాకు వినపడేది. మోడలర్ వచ్చాక ఆ పెట్టె పోయింది. 1998లో లైన్ 6 వాళ్ళ పాడ్‌తో ఇది జనంలోకి వచ్చింది, తర్వాత కెంపర్, 2015లో హీలిక్స్, 2021లో క్వాడ్ కార్టెక్స్... ఇప్పుడు పదిహేను వేల రూపాయల చైనా పెడల్‌లో కూడా ఆంపూ క్యాబినెట్టూ (ఆంప్ స్పీకర్ పెట్టె) అన్నీ ఉంటున్నాయి. బాగుంది, బ్యాగులో పెట్టుకుని పల్లెవెలుగు బస్సులో కూడా పోవచ్చు. కానీ మోడలర్ తనంతట తాను ఏ శబ్దం చెయ్యదు. కేబుల్ మిక్సర్‌కి పోతుంది, అక్కడి నుంచి జనం వైపు తిప్పిన స్పీకర్లలోకి పోతుంది, మీరేమో ఆ స్పీకర్ల వెనక నిలబడి ఉంటారు. అంటే మీ టోన్‌లో సగం, సౌండ్ వాళ్ళు మీకు తిరిగి ఏం పంపిస్తే అది. మోడలర్ మీద అరవై వేలు పెట్టి, మానిటర్ (వాయించేవాడు తన సౌండు తాను వినే ఏర్పాటు) గురించి పది నిమిషాలు కూడా ఆలోచించని వాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. నేనూ రెండేళ్ళు అట్టాగే ఉన్నా కాబట్టి ఎక్కువ అనలేను.

ఆ రెండేళ్ళలో జరిగేది ఇది. మానిటర్ బాక్సులు రెండే ఉంటాయి, రెండూ సింగర్ల వైపు. నా పక్కన ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) అబ్బాయి, వాడి వెనక స్పీకరు. నాకు నా గిటారు వినపడదు, మోడలర్ మీద పెద్ద వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పుతాను. బయట గిటారు లేచిందని మిక్సర్ దగ్గర అన్న ఫేడర్ దించుతాడు. నాకు ఇంకా తగ్గుతుంది, నేను ఇంకా తిప్పుతాను. ఐదో పాటకల్లా నాబ్ చివరికొచ్చింది, మిక్సర్‌లో ఎర్ర లైటు వెలుగుతోంది, నా గిటారు జనానికీ సరిగ్గా లేదు నాకూ లేదు. ఆ నాబ్‌కి ఒక సెట్టింగ్ ఉంటుందని, మెయిన్ అవుట్‌పుట్‌ని కదలకుండా ఉంచి హెడ్‌ఫోన్ జాక్‌ని మాత్రమే ఆ నాబ్‌కి కట్టేయొచ్చని నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. మంచి మోడలర్లు చాలావాటిలో ఉంటుంది, గ్లోబల్ సెట్టింగ్స్‌లో వెతకండి. ఈ పోస్టులో ఇంకేదీ చదవకపోయినా ఇదొక్కటి చెయ్యండి.

ఇక చెవుల్లో పెట్టుకునే సంగతి. ఇప్పుడు చెవి అచ్చు తీసి పోసిన ఇన్-ఇయర్స్ (చెవి లోపల పెట్టుకునే మానిటర్లు) ఇంత మామూలైపోయాయి గానీ, దీన్ని పెద్ద ఎత్తున తెచ్చిన జెర్రీ హార్వీ, వాన్ హేలెన్ అనే అమెరికా రాక్ బ్యాండుకి మానిటర్ ఇంజనీరు. ఆ బ్యాండు డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్‌కి స్టేజీ మీద వినపడక గొడవపడితే అతని కోసం తయారుచేసి, 1995లో అల్టిమేట్ ఇయర్స్ అనే కంపెనీ పెట్టాడు. అంటే గిటారిస్టు తమ్ముడి ఆంపుల మోత పక్కన కూర్చున్న డ్రమ్మర్ బాధలోంచి పుట్టిన వస్తువు అనుకోండి.

అందరూ అడిగే ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి కదన్నా, అవి పెట్టుకుంటే పోదా? పోదు. మామూలు బ్లూటూత్ దారిలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు, దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క 125. అంటే మీరు స్ట్రమ్ చేసింది దాదాపు ఒక ముక్క దాటాక మీకు వినపడుతుంది. ఒక్క నిమిషం వాయించి చూడండి, చెయ్యి దానంతటదే ఆగిపోతుంది.

అయితే డిజిటల్ అంటేనే ఆలస్యం అని భయపడేవాళ్ళు ఇంకో రకం. మోడలర్ లోపల రెండు మూడు మిల్లీసెకన్లు, డిజిటల్ మిక్సర్‌లో ఒకటి రెండు, డిజిటల్ వైర్‌లెస్ ఉంటే ఇంకో నాలుగైదు. అన్నీ కలిపితే పది లోపు. గాలిలో శబ్దం ఒక మీటరు దాటడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించినప్పుడు ఎవరూ ఆలస్యం అని ఏడవలేదు కదా, ఇదీ అంతే. కాకపోతే గిటారుకి ఒక వైర్‌లెస్, చెవులకి ఒక వైర్‌లెస్, మధ్యలో ఇంకో ప్రాసెసర్ అని గొలుసు పెంచుకుంటూ పోతే మాత్రం వేళ్ళకి తెలుస్తుంది.

నా సలహా, గిటారిస్టుకి చెవుల వైర్‌లెస్ అక్కర్లేదు. సింగరు తిరుగుతాడు, జనంలోకి దిగుతాడు, పెళ్ళికూతురి పక్కన నిలబడి పాడతాడు, ఆయనకి కావాలి. మనకి ఎట్టాగూ గిటార్ కేబుల్ ఉంది, కాళ్ళ దగ్గర పెడల్ ఉంది, రెండడుగులు దాటి పోయేది లేదు. గిటార్ కేబుల్‌కే ఇయర్‌ఫోన్ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ని అడుగుకొక చోట టేపు చుట్టి ఒకే తాడు చేసేశా. నడుం దగ్గర బెల్టుకి చిన్న వైర్డ్ ప్యాక్ (ఇయర్‌ఫోన్ తగిలించే పెట్టె). చవక 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సెట్లు లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చు, నిజమే, కానీ ఈ రోజుల్లో పెళ్ళి అంటే లైవ్ స్ట్రీమింగ్ వాళ్ళ రౌటరు, డ్రోన్ కెమెరా, నాలుగు వందల ఫోన్లు, వాటిలో సగం హాట్‌స్పాట్లు, చాలావరకు అదే గాలిలో తిరుగుతుంటాయి. ముత్యాల తలంబ్రాలు పోసే టైమ్‌కి డ్రోన్ పైకి లేచిందంటే మీ చెవుల్లో సౌండు టకటకా తెగుతుంది. ఆ డబ్బు మంచి ఇయర్‌ఫోన్ మీద పెట్టండి.

ఇయర్‌ఫోన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. లోపల ఎన్ని డ్రైవర్లు (బుల్లి స్పీకర్లు) ఉన్నాయి అని చూసేకంటే చెవి రంధ్రాన్ని ఎంత బాగా మూస్తుంది అనేది చూడాలి. రెండు వేల లోపు చైనా ఇన్-ఇయర్ అయినా సరే, టిప్ (చెవిలో దూరే మెత్తటి తొడుగు) సరిగ్గా కూర్చుంటే పని జరుగుతుంది. ఇరవై వేలది అయినా సరే, టిప్ పక్కనుంచి గాలి దూరితే బేస్ మొత్తం పోతుంది. చూసుకోవడం చాలా తేలిక. పెట్టుకుని గిటారు లావు తీగ, అంటే కింది E, ఖాళీగా మీటండి. మోగుతుండగానే రెండు వేళ్ళతో రెండు చెవుల్లోకి మెల్లగా ఒత్తండి. ఒత్తినప్పుడు బేస్ పెరిగిందా? అయితే మూసుకోలేదన్నట్టు. పెద్ద సైజు టిప్ వెయ్యాలి, లేదా ఫోమ్ టిప్ నలిపి పెట్టి, చెవిని వెనక్కీ పైకీ లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా పదిహేను ఇరవై సెకన్లు వేలితో పట్టుకోవాలి. వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పాలి, లేకపోతే తల ఊపినప్పుడల్లా వైరు చొక్కాకి రాసుకుని గరగరమంటుంది.

ఇక్కడ మన ఎండల సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తెలో, ఏసీ లేని మండపంలో, ఎల్ఈడీ లైట్ల కింద ఒక గంట వాయిస్తే సిలికాన్ టిప్పులు చెమటకి సబ్బు బిళ్ళలా జారిపోతాయి. నాకు ఫోమ్ తప్ప ఏవీ ఆగలేదు, అవీ నాలుగైదు ప్రోగ్రాములకి గట్టిపడి పనికిరావు. విడి టిప్పులు పాత జండూబామ్ డబ్బాలో వేసుకుని గిటార్ కేసులో పెట్టుకుంటా (బాగా కడిగాకే, మొదటిసారి కడక్కుండా పెట్టి పల్లవి అంతా కళ్ళు మండుతూ వాయించా). ఇంటికి రాగానే తుడిచి, ఇయర్‌ఫోన్ మూతికి ఉండే చిన్న జాలీ మీద గుమిలి పేరుకుందేమో చూడాలి. ఒక చెవిలో సౌండు తగ్గిపోయిందని రిపేరుకి పంపబోయిన సెట్టు ఒకటి, మెత్తటి బ్రష్షుతో జాలీ శుభ్రం చేస్తే బాగైపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు, సిగ్నల్ ఎట్టా తెచ్చుకోవడం.

మిక్సర్‌లో ఆక్స్ అని, ఒక్కొక్కరి మానిటర్‌కి విడిగా సౌండు పంపే ఒక వరస నాబ్‌లు ఉంటాయి. అందులో ఒకటి మీకు ఇవ్వమని సౌండ్ అన్నని అడగాలి. పక్కనే ప్రీ, పోస్ట్ అని బటన్ ఉంటే అది ప్రీలో ఉండాలి. పోస్ట్‌లో ఉంటే ఆయన బయటి కోసం ఫేడర్ కదిపినప్పుడల్లా మీ చెవుల్లో కూడా కదులుతుంది. పాట మధ్యలో గిటార్ సోలోకి ఆయన ప్రేమగా ఫేడర్ పైకి తోస్తే మీ చెవిలో బాంబు పేలినట్టే. కొన్ని మిక్సర్లలో ఎఫెక్ట్స్‌కి వాడే ఆక్స్ ఎప్పుడూ పోస్టే, దాన్ని తీసుకోకండి. సౌండ్ అన్నలతో మాట్లాడే పద్ధతి ఒకటుంది. వెళ్ళగానే "ఆక్స్ ప్రీలో పెట్టు" అంటే వినరు, పొద్దున్నుంచి కేబుళ్ళు లాగి అలిసిపోయి ఉంటారు. ముందు టీ తాగావా అన్నా అని అడగాలి. ఇది జోకు కాదు, నా మానిటర్ మిక్స్ బాగుపడింది టీతోనే.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. నా మోడలర్ వెనక ఆక్స్ ఇన్ అని ఒక జాక్ ఉంది. ఇంట్లో ఫోన్ తగిలించి పాటతో పాటు ప్రాక్టీస్ చేసుకోవడానికి ఇచ్చింది అది. మిక్సర్ నుంచి వచ్చే ఆక్స్ కేబుల్‌ని తెచ్చి అందులో గుచ్చి, మోడలర్ హెడ్‌ఫోన్ జాక్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వేరే పెట్టె ఏదీ అక్కర్లేదు కదా అని నా తెలివి. ఇంట్లో చూసుకున్నా, బ్రహ్మాండంగా ఉంది. ఇంట్లో మిక్సర్ లేదు కాబట్టి ఉంది! మండపంలో సౌండ్ అన్న ఆక్స్ తెరిచిన క్షణంలో కుయ్యిమని ఒక కూత లేచింది చూడండి, హాల్లో ఉన్న ప్రతి చంటిపిల్లా ఒకేసారి ఏడుపు అందుకుంది. చాలా మోడలర్లలో ఆక్స్ ఇన్‌లోకి వచ్చింది హెడ్‌ఫోన్‌కే కాదు, మెయిన్ అవుట్‌కి కూడా పోతుంది. అంటే మిక్సర్ నుంచి వచ్చిన మొత్తం బ్యాండు నా మోడలర్‌లోంచి మళ్ళీ మిక్సర్‌కి, అక్కడి నుంచి మళ్ళీ నాకు, తన తోక తానే మింగే పాములాగా. సౌండ్ అన్న ఆ రోజు మైకు మీద అనుమానంతో మూడు మైకులు మార్చాడు. తప్పు నాదని చెప్పడానికి నాకు రెండు పాటల టైమ్ పట్టింది, ధైర్యం చాలక.

మీ మోడలర్‌లో ఆ జాక్‌ని హెడ్‌ఫోన్‌కి మాత్రమే పంపే సెట్టింగ్ ఉంటే వాడుకోండి, ఇంటి దగ్గరే మెయిన్ అవుట్‌కి ఒక స్పీకర్ పెట్టి నిజంగా రావడం లేదని చూసుకున్నాకే. నేను మాత్రం ఆ దారి వదిలేశా. చెన్నై వెళ్ళినప్పుడు నాలుగు ఛానళ్ళ బుల్లి అనలాగ్ మిక్సర్ ఒకటి కొన్నా, రిచీ స్ట్రీట్‌లో కనెక్టర్లు కొని కేబుళ్ళు నేనే సోల్డర్ చేసుకున్నా. మోడలర్‌కి ఎక్స్ఎల్ఆర్ (మైకు కేబుల్‌కి ఉండే మూడు పిన్నుల కనెక్టర్) అవుట్ ఒకటి, మామూలు జాక్ అవుట్ ఒకటి ఉన్నాయి. ఎక్స్ఎల్ఆర్ సౌండ్ వాళ్ళకి, జాక్ నా బుల్లి మిక్సర్‌లో ఒకటో ఛానల్‌కి. సౌండ్ వాళ్ళ ఆక్స్ రెండో ఛానల్‌కి. అక్కడి నుంచి లిమిటర్ (సౌండు ఒక హద్దు దాటకుండా ఆపేది) ఉన్న బెల్ట్ ప్యాక్, తర్వాత చెవులు. అంతే. నా గిటారు ఎంత కావాలో, మిగతా బ్యాండు ఎంత కావాలో రెండు నాబ్‌లు నా కాళ్ళ దగ్గరే. సౌండ్ అన్న భోజనానికి వెళ్ళినా, ఆయన బదులు కూర్చున్న తమ్ముడు అన్నీ కెలికినా నా గిటారు నాకుంటుంది. పాత ఆంప్ ఇచ్చిన ధైర్యం మళ్ళీ దొరికినట్టయింది.

ఒక చిన్న మెలిక ఉంది ఇందులో. ఆక్స్‌లో నా గిటారు వెయ్యొద్దని చెప్పాలి, "నన్ను తీసేసి మిగతా అందర్నీ ఇవ్వన్నా" అని. లేకపోతే గిటారు నాకు రెండు దారుల్లో వస్తుంది, డిజిటల్ మిక్సర్ నుంచి తిరిగి వచ్చేది ఒకటి రెండు మిల్లీసెకన్లు లేటుగా, రెండూ కలిసి సౌండు డొల్లగా, రేకు డబ్బాలో వాయించినట్టు అయిపోతుంది. నేను దీన్ని ప్యాచ్ (మోడలర్‌లో దాచుకున్న సౌండు సెట్టింగ్) తప్పు అనుకుని వారం రోజులు ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) తిప్పా.

మిక్స్‌లో ఏమేం ఉండాలి అంటే, తక్కువ ఉండాలి. పాడేవాళ్ళ గొంతు, ప్యాడ్స్‌లో కిక్కూ స్నేరూ, కీబోర్డు ఎడమ చెయ్యి లేదా బేస్ గిటారు ఉంటే అది. కోరస్ పిల్లలు, తబలా, వేణువు, యాంకర్ మైకు, ఇవేవీ నాకు అక్కర్లేదు, హాల్లోంచి ఎంతో కొంత ఎట్టాగూ వస్తాయి. కుదిరితే రెండు ఆక్స్‌లు తీసుకుని స్టీరియో చేసుకోండి. గొంతు మధ్యలో, నా గిటారు కొంచెం ఎడమకి, కీబోర్డు కొంచెం కుడికి. మా మాస్టారు కుడి చేత్తో వాయించే స్ట్రింగ్స్, నా గిటారు ఒకే చోట కొట్టుకుంటాయి, అట్టా విడదీస్తే వాల్యూమ్ పెంచకుండానే రెండూ తెలుస్తాయి. మన వైపు చాలా చోట్ల రెండు ఆక్స్‌లు దొరకవు. ఒకటే ఇస్తే ఒకటే.

చర్చిలో ఈ బాధ లేదు, అక్కడ డిజిటల్ మిక్సర్ ఉంది, ఎవరి మిక్స్ వాళ్ళు ఫోన్ యాప్‌లో సరిచేసుకుంటాం. ఒక్క జాగ్రత్త, యాప్‌లో ఏ బస్ (ఏ మిక్స్) తెరిచారో చూసుకుని కదపండి. ఒక ఆదివారం నేను నా బస్ అనుకుని మెయిన్‌లో గొంతు తగ్గించా, ప్రార్థన మధ్యలో పాస్టర్ గారి మైకు గుసగుస అయిపోయింది.

ఇప్పుడు ప్యాచ్‌లు. ఇంట్లో అర్ధరాత్రి పిల్లలు పడుకున్నాక చిన్న సౌండులో చేసిన ప్యాచ్ స్టేజీ మీద ఎందుకు చచ్చిపోతుందో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1933లోనే కొలిచి పెట్టారు. సౌండు తక్కువ ఉన్నప్పుడు మన చెవి బేస్‌నీ, బాగా పైన ఉండే ట్రెబుల్‌నీ సరిగ్గా పట్టుకోదు. అందుకని మనం అవి పెంచుకుంటాం. పెద్ద సౌండులో చెవికి అన్నీ వినపడతాయి, అప్పుడు పెంచినదంతా బయటపడి కింద ముద్దగా, పైన జోరీగలా జుయ్యిమంటుంది. కాబట్టి ఏ ఇయర్‌ఫోన్‌తో స్టేజీ ఎక్కుతారో అదే పెట్టుకుని, స్టేజీ మీద ఉండే సౌండులోనే ప్యాచ్ చెయ్యండి, పదేసి నిమిషాలు చేసి ఆపి చెవులకి రెస్ట్ ఇస్తూ. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 5, 6 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, ఇయర్‌ఫోన్ మాత్రం అక్కడ గీరుతుంది. క్యాబినెట్ ఆన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి, ఆన్‌లోనే ఉండాలి. దాని తర్వాత హై కట్ (పై ట్రెబుల్ కోసేది) 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర, లో కట్ (కింది బేస్ కోసేది) 90, 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెడితే నూటికి ఎనభై గొడవలు తీరిపోతాయి. అయినా వెనక ఆంప్ ఉన్నట్టు ఉండదు, ఉండదు కూడా. క్యాబినెట్ ప్రొఫైల్ అంటే స్పీకర్‌కి అంగుళం దూరంలో మైకు పెట్టి పట్టిన సౌండు, గదిలో నిలబడి విన్న సౌండు కాదు. చిన్న రూమ్ రివర్బ్ ఒకటి, కొసరంత, నా చెవులకి పోయే దారిలో మాత్రమే వేసుకుంటే గొంతు పిసికినట్టు ఉండటం తగ్గింది.

సోలోకి సౌండు పెంచే బూస్ట్ 3 డీబీ (డెసిబెల్స్) చాలు. ఇంట్లో 6 పెట్టిన వాళ్ళు స్టేజీ మీద సింగర్ చేత తిట్లు తింటారు. క్లీన్, డ్రైవ్ (డిస్టార్షన్ ఉన్న) ప్యాచ్‌ల లెవెల్ మీటర్ చూసి కలపకండి, వినే కలపండి, ఎందుకంటే డిస్టార్షన్ నొక్కుకుపోయి ఉంటుంది, క్లీన్‌లో శిఖరాలు ఎక్కువ, మీటర్ రెంటికీ ఒకటే చూపించినా చెవికి డ్రైవ్ పెద్దగా తగులుతుంది. సింగిల్ కాయిల్ (కరెంటు గరగర తేలిగ్గా పట్టే పికప్) గిటారు వాడేవాళ్ళకి ఇంకో తలనొప్పి, ఎల్ఈడీ వాల్ పక్కన నిలబడితే వచ్చే గరగర మానిటర్ బాక్సులో తెలిసేది కాదు, చెవుల్లో నేరుగా వస్తుంది. నాయిస్ గేట్ (వాయించనప్పుడు చప్పుడు మూసేసేది) ఎఫెక్ట్స్ గొలుసు మొదట్లో పెట్టి, నిలబడే చోటు ఒక అడుగు మార్చి చూడండి, శరీరం తిప్పినా తగ్గుతుంది.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తా. బుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ముందు డీఐ బాక్సు (గిటారు సిగ్నల్‌ని మిక్సర్‌కి అందించే డబ్బా) లేదా మోడలర్ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడండి, ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు, పెదవులకి మైకూ చేతుల్లో గిటారూ ఉన్నవాడికి అది ప్రాణం మీద పని. మీ ఛానల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైకుల కోసం మిక్సర్ పంపే కరెంటు) ఆపమని చెప్పండి. జనరేటర్‌కి మారే అరక్షణంలో మోడలర్ ఆఫ్ అయి మళ్ళీ లేవడానికి నిమిషం తీసుకుంటుంది, కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ ఒకటి దానికి తగిలిస్తే ఆ నిమిషం మిగులుతుంది.

ఇప్పుడు కొంచెం సీరియస్‌గా. చాలామంది ఒక చెవిలో పెట్టుకుని రెండోది భుజం మీద వేలాడేస్తారు, జనం చప్పట్లు వినాలని. అది రెండు విధాలా చేటు. ఖాళీ చెవికి స్టేజీ మోత మొత్తం పడుతుంది, పెట్టుకున్న చెవిలో ఆ మోతని మించేలా సౌండు పెంచుతారు. రెంటికీ పెట్టుకుంటే బయటి మోత ఇరవై డీబీ, బాగా మూసుకుంటే ఇంకా ఎక్కువ తగ్గుతుంది, చాలా చిన్న సౌండులో సరిపోతుంది. అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. మన రిసెప్షన్ ప్రోగ్రాములు మూడు గంటలకి తక్కువ ఉండవు. ఇయర్‌ఫోన్ కూడా దేవుడు కాదు, పెంచితే అదీ 100 కొడుతుంది, అదీ చెవి పొరకి ఆనుకుని. ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గుయ్యిమంటుంటే ఎక్కువైంది అని అర్థం, మర్నాడు తగ్గించండి. లిమిటర్ లేకుండా మాత్రం వద్దే వద్దు. ఎవరో ఒకరు మైకు కింద పడేస్తారు, ఎవరో ఒకరు మ్యూట్ చెయ్యకుండా కేబుల్ పీకుతారు, ఆ ఢమ్ నేరుగా మీ చెవిలోకే.

చప్పట్లు వినపడకపోవడం మాత్రం నిజమైన బాధే. మొదటి ప్రోగ్రాంలో పాట అయిపోయాక నాకు నీళ్ళలో మునిగినట్టు నిశ్శబ్దం, జనం మెచ్చుకున్నారో లేదో తెలియదు, సింగర్ అన్న మైకు పక్కకి తీసి ఏదో అంటుంటే పెదవులు చూసి తలూపా. తర్వాత తెలిసింది, తర్వాతి పాట శ్రుతి మారుస్తున్నానని చెప్పాడట. అందుకే ఈ మధ్య నా బుల్లి మిక్సర్ మూడో ఛానల్‌కి చవక కండెన్సర్ మైకు ఒకటి తగిలించి, స్టేజీ అంచున జనం వైపు పెట్టుకుంటున్నా, పాటల మధ్య పెంచి పాటలో తగ్గించేలా. పోయిన వారం కందుకూరులో తొందరలో దాన్ని చూసుకోకుండా గుడ్డ పక్కన పెట్టేశా. షామియానా గుడ్డ వెనకే జనరేటర్ ఉంది. మూడు పాటలు నా గిటారు, సింగర్ గొంతు, మధ్యలో డీజిల్ ఇంజను, తాళం మాత్రం ఒక్కసారి తప్పలేదు అది.